పడావు చెల్కలో కలప చెట్లు: నేల పరీక్ష నుంచి రంపం దాకా

దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి, అచ్చంపేట, మక్తల్ వైపు ఏ ఊరికి పోయినా పడావు చెల్కలు, అంటే సాగు మానేసిన మెట్ట చేన్లు కనిపిస్తాయి. బోరు ఎండిపోయి కొన్ని, కైకిలికి మనుషులు దొరకక కొన్ని, అన్నదమ్ముల పంపకం తెగక కొన్ని. వాటిలో టేకో శ్రీగంధమో పెడితే ఇరవై ఏళ్లకు అక్కరకొస్తుందన్న ఆలోచన మంచిదే. కానీ భూమిని పడావు పెట్టించిన కారణం చెట్లు నాటగానే ఎటూ పోదు. పత్తిని ఎండబెట్టిన కరువు టేకు మొక్కనూ ఎండబెడుతుంది. అందుకని నర్సరీకి పోయే ముందు ఆ కారణం ఏందో తేల్చుకోవాలి.

నీళ్లు లేక వదిలేసిన భూమి అయితే, ట్యాంకర్ చెల్క దాకా పోయే బాట ఉందో లేదో మొదట చూడండి. బాట లేకుంటే ఎకరం మొత్తం నాటొద్దు. బిందెలతో పోసుకోగలిగినన్ని మొక్కలే గెట్ల మీద పెట్టుకోండి. మనుషులు లేక పడావు పడితే, రోజూ కనిపెట్టుకోవాల్సిన జాతులు మీకు పనికిరావు. వాటిలో శ్రీగంధం మొదటిది. అడవి పందుల బాధకు వదిలేసిన భూమికి మాత్రం కలప చెట్లు నిజంగానే నప్పుతాయి. పందులు టేకును, వేపను తినవు. పాదుల్లో పురుగుల కోసం తవ్వి చిన్న మొక్కలను పెళ్లగిస్తాయి, ఆ బెడద మొదటి ఏడాదే ఎక్కువ. వాటికోసం కరెంటు తీగ పెట్టడం నేరం, దానికి తగిలి మనుషులే పోతున్నారు.

పంపకం తెగని భూమి అయితే సర్వేయర్‌తో కొలిపించి, హద్దురాళ్లు పాతించి, వరుసలను హద్దుకు కనీసం ఐదడుగులు లోపలికి వేయండి. ఇరవై ఏళ్ల తర్వాత గెట్టు మీది లావు టేకు ఎవరిదన్న పంచాయితీ వస్తే చెట్టు ధర వకీలుకే చాలదు. లావుణి పట్టా, అంటే సర్కారు పేదలకు పంచిన (అసైన్డ్) భూమి అయితే ఇంకో మాట. 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమిని అమ్మడమే కాదు, లీజుకివ్వడమూ చెల్లదు. మీరే నాటుకోండి, కంపెనీ ఒప్పందాల జోలికి పోవద్దు.

మూడు గుంతల పరీక్ష

ఎకరానికి మూడు చోట్ల, ఎగువన ఒకటి, నడుమ ఒకటి, దిగువన ఒకటి, మూడడుగుల లోతు గుంత తీయండి. మట్టి ఎంత లోతు ఉంది, మొరం ఎక్కడ మొదలైంది, సుద్ద తగిలిందా, పరుపు బండ వచ్చిందా చూడండి. తర్వాత ఒక్కో గుంతలో రెండు బిందెల నీళ్లు పోసి మర్నాడు పొద్దున పోయి చూడండి. నీళ్లు ఇంకా నిలిచి ఉంటే అక్కడ టేకు పెట్టొద్దు. టేకు వేరు నీటి ఊటను అసలు ఓర్చుకోదు; ఆకు పసుపు పచ్చబడి, కొస ఎండి, రెండో వానకాలానికి చస్తుంది.

మూడడుగులూ ఎర్రమట్టే వస్తే మీ చెల్క మంచిది. టేకు, శ్రీగంధం, వేప ఏదైనా ఆలోచించొచ్చు. అడుగున్నరకే మొరం తగిలితే టేకు బతుకుతుంది కానీ లావెక్కదు. అక్కడ వేప, నారేప, సండ్ర లాంటి నల్లమల చెట్లు మేలు. వాటి నడుమ సీతాఫలం వేసుకుంటే నాలుగైదేళ్ల నుంచే కాయ వస్తుంది. బాలానగర్ సీతాఫలం పేరు మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ నుంచే వచ్చింది, రాళ్ల నేలలో దానికి మించింది లేదు. రేగడిలో నల్లతుమ్మ, వేప పెట్టండి. చౌడులో కానుగ, నల్లతుమ్మ బతుకుతాయి, కలప మీద మాత్రం పెద్దగా ఆశ వద్దు. వాగు ఒడ్డున మట్టి లోతుగా ఉంటే మద్ది, వెదురు పెట్టండి.

గుంతలు మూడూ మూడు రకాలుగా ఉండటం మామూలే. అప్పుడు ఎకరమంతా ఒకే జాతి పెట్టకుండా దిగువ మట్టిలో టేకు, ఎగువ మొరంలో వేప పెట్టండి. నర్సరీ వాళ్లు ఒకే రకం మొత్తంగా తీసుకోమంటారు. అది వాళ్ల సౌకర్యం.

ఏ చెట్టు, ఎన్నేళ్లకు

టేకు సహజంగా బాగా పెరిగేది ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడే చోట. దక్షిణ తెలంగాణలో సగటు వాన 600 నుంచి 750 మిల్లీమీటర్ల మధ్యే, గద్వాల వైపు ఇంకా తక్కువ. కాబట్టి ఇక్కడ వానాధారపు టేకు ఇరవై ఏళ్లు దాటాకే అమ్మకానికి పనికొస్తుంది. చేవ, అంటే దుంగ నడుమ గట్టి కట్టె, పట్టాలంటే అంత కాలం కావాలి. ఏడేళ్లకే కోతకొస్తుందని చెప్పి ‘టిష్యూ కల్చర్ టేకు’ అమ్మేవాళ్లుంటారు. మొక్క ఎంత మేలిరకమైనా ఏడేళ్ల దుంగలో ఎక్కువ భాగం తెల్ల కట్టే, అది చెదలకు ఆహారం.

మలబార్ వేపకు మంచి పేరొచ్చింది. ప్లైవుడ్‌కు ఆరు నుంచి ఎనిమిదేళ్లలో వస్తుందన్న మాట నిజమే, అయితే లోతు నేల, ఎండకాలమంతా నీళ్లు ఉన్న చోట. చెల్కలో నీళ్లు లేకుండా పెడితే మొదటి రెండేళ్లు ఉరికురికి పెరిగి ఆ తర్వాత నిలిచిపోతుంది. బోరు నమ్మకంగా పోసే వాళ్లే పెట్టుకోవాలి.

శ్రీగంధం సొంతంగా బతికే చెట్టు కాదు, పక్క చెట్టు వేర్ల నుంచి తిండి లాక్కుంటుంది. నర్సరీ కవర్లో దాని పక్కన పొన్నగంటి కూర ఉందో లేదో చూసి కొనండి, లేని మొక్క వద్దు. నాటిన రోజే అడుగు, అడుగున్నర దూరంలో చుట్టూ కంది విత్తండి. నాలుగు గంధం మొక్కల నడుమ శాశ్వతంగా ఉండే కానుగో, ఉసిరో, సరుగుడో ఒకటి నాటండి. చేవ మొదలయ్యేసరికి పదేళ్లు దాటుతుంది, అప్పుడు దొంగలూ మొదలవుతారు. బర్మాతో కాండానికి చిల్లి పెట్టి చేవ చూసి, ఇంకో రాత్రి వచ్చి కోసుకుపోతారు. ఇంటికి దూరంగా, రాత్రి మనిషి పడుకోని చెల్కలో శ్రీగంధం పెట్టడం వాళ్లకోసం పెంచడమే.

జామాయిల్, సుబాబుల్ కాగితపు మిల్లులకు పోయే సరుకు. భద్రాచలం దగ్గర సారపాకలో మిల్లు ఉంది, కానీ నారాయణపేట నుంచి అక్కడికి లారీ కిరాయి ఎంతవుతుందో నాటకముందే లెక్క వేసుకోండి. టన్ను ధర అందరూ చెబుతారు, కోత కూలి, లోడింగు, కిరాయి పోను చేతికొచ్చేదెంతో చెప్పేవాళ్లు తక్కువ.

వేపను చిన్నచూపు చూడొద్దు. వేపకట్టెకు చెదలు తొందరగా పట్టదు, దూలానికి, దర్వాజకు, ఫర్నీచర్‌కు పోతుంది. 2021లో తెలంగాణ అంతటా వేప కొమ్మలు కొసల నుంచి ఎండిపోతే చాలామంది చెట్లు కొట్టేశారు. అది కొమ్మ ఎండు తెగులు. చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. మాడిన కొమ్మలను పచ్చి కట్టె వచ్చేదాకా కోసి కాల్చేస్తే చాలు.

సైబరాబాద్ ఉద్యోగులకు గుంటల లెక్కన ప్లాట్లు అమ్మి, వాటిలో గంధం మొక్కలు నాటి, ‘పదిహేనేళ్లకు కోట్లు’ అనే వెంచర్ల బోర్డులు శ్రీశైలం, సాగర్ రోడ్ల మీద చూస్తూనే ఉన్నాం. 1990ల్లోనూ ఇవే మాటలతో టేకు కంపెనీలు దేశమంతా డబ్బు వసూలు చేశాయి. 1999లో పెట్టుబడుల మార్కెట్లను నియంత్రించే సెబీ అలాంటి పథకాలకు నిబంధనలు పెట్టింది. ఊళ్లో సొంత చెల్క ఉన్నవాళ్లకు అసలు ఆ బేరమే అక్కర్లేదు.

లెక్కలు

ఎకరానికి పదడుగుల ఎడంతో 435 మొక్కలు పడతాయి. పదమూడు అడుగుల ఎడంతో 257. టేకుకు ఇక్కడ పదడుగులు చాలు. ఆరడుగులకు పెడితే ఎకరానికి 1,210 మొక్కలు పడతాయి, చెప్పుకోవడానికి బాగుంటుంది, కానీ ఉన్న కాస్త తేమను అన్నీ పంచుకుని అన్నీ సన్నగానే మిగులుతాయి. గెట్ల మీదే పెట్టాలనుకుంటే, నలుచదరపు ఎకరానికి నాలుగు గెట్లూ కలిపి సుమారు 835 అడుగులు. ఎనిమిది అడుగులకొకటి చొప్పున 104 మొక్కలు. 11 కేవీ లైను కింద, దానికి రెండు వైపులా నాలుగైదు గజాలు వదిలేయండి. లేకుంటే ఏటా లైన్‌మన్ వచ్చి తలలు నరుకుతాడు, తల పోయిన టేకు నిటారు దుంగనివ్వదు.

435 గుంతలకు ఒక్కోదానికి ఐదు కిలోల చివికిన పెంట లెక్కన రెండు టన్నుల పైన, అంటే సుమారు ఒక ట్రాక్టర్ ట్రాలీ. వేపపిండి గుంతకు 200 గ్రాములు, అంటే రెండు యాభై కిలోల సంచులు. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ గుంతకు 100 గ్రాములు, ఒక సంచి. మొక్కలు 435 కాకుండా 480 కొనండి. మిగిలిన 45ను ఇంటి దగ్గర పందిరి నీడలో పెట్టుకుంటే చచ్చిన చోట నెలలోపే నింపొచ్చు. ఏడాది ఆగి నింపిన మొక్క పక్క చెట్ల నీడలో పడి ఎన్నటికీ అందుకోదు.

మొక్కలు కావాలని జనవరి, ఫిబ్రవరిలోనే చెప్పి పెట్టుకోవాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత ప్రతి గ్రామ పంచాయతీకి నర్సరీ వచ్చింది, కానీ అక్కడ ఎక్కువగా ఇళ్లకు, రోడ్లకు పెట్టే మొక్కలుంటాయి. టేకు స్టంపులకు, అంటే నాటుకునే వేరు ముక్కలకు, అటవీ శాఖ నర్సరీలను అడగండి. ఉపాధి హామీ కింద గుంతలు, కందకాల పనులు మీ ఊళ్లో ఈ ఏడాది చేస్తున్నారో లేదో మండల ఆఫీసులో ముందే కనుక్కోండి. గుంతలు తవ్వుకున్నాక పోతే బిల్లు కాదు.

గుంత, నాటు

గుంతలు ఏప్రిల్, మేలో తీసి ఎండబెట్టాలి. మట్టి లోతు ఉన్నచోట ఒకటిన్నర అడుగు, మొరం తగిలినచోట రెండడుగులు, పొడవు వెడల్పులూ అంతే. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఇంకో పక్క పోయండి. పూడ్చేటప్పుడు పైమట్టిలో పెంట, వేపపిండి, ఫాస్ఫేట్ కలిపి ముందు అది వేయాలి. అడుగుమట్టి చుట్టూ పాదు కట్టడానికి వాడుకోవాలి. ట్రాక్టర్‌కు బిగించే గుంతల మిషన్‌తో తీస్తే పని తొందరగా అవుతుంది, అయితే జిగట నేలలో గుంత గోడలు నున్నగా, గట్టిగా కుండ లోపలి వైపులా తయారవుతాయి. వేరు వాటిని చీల్చుకు పోలేక లోపలే చుట్టుకుంటుంది. గడ్డపారతో ఆ గోడలను నాలుగు వైపులా చెక్కి గరుకు చేయండి.

పెంట సగం చివికినదైతే వాడొద్దు. ఎర్రచెల్కల్లో చెదలకు అదే పిలుపు. చెదల పుట్టలు కళ్లముందే కనబడుతుంటే క్లోరిపైరిఫాస్ 20 ఈసీ లీటరు నీటికి రెండున్నర మిల్లీలీటర్లు కలిపి, పూడ్చిన గుంతకు లీటరు చొప్పున పోయొచ్చు. చేతికి తొడుగులు, మూతికి గుడ్డ తప్పనిసరి.

మిర్గం (మృగశిర కార్తె) తొలకరికి నాటడమే మొక్కలు చావడానికి అసలు కారణం. జూన్ రెండో వారంలో ఒక వాన దంచి, ఆ తర్వాత పదిహేను ఇరవై రోజులు చుక్క పడకపోవడం ఇక్కడ కొత్తేం కాదు. పైన తడిసిన నాలుగంగుళాలూ మూడు రోజుల్లో ఆరిపోతాయి. నేల రెండడుగుల దాకా తడవనివ్వండి. గడ్డపార సులువుగా దిగి, లోపలి నుంచి తీసిన మట్టి పిడికిట్లో ఉండ కడితే అదును వచ్చినట్టు. మామూలు ఏడాదిలో అది పునర్వసు, పుష్యమి కార్తెల్లో, అంటే జూలై 6 నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా. ఆశ్లేష దాటితే వేరు నిలదొక్కుకోవడానికి వానలు మిగలవు.

కవర్ మొక్క జానెడున్నర నుంచి రెండు జానెల ఎత్తు, మొదలు పెన్సిల్ లావు ఉంటే సరైనది. మనిషి ఎత్తు మొక్క ఇస్తామంటే మురిసిపోవద్దు, చిన్న కవర్లో ఎక్కువ కాలం ఉండి దాని తల్లివేరు అడుగున చుట్టలు తిరిగి ఉంటుంది. ఒక మొక్కను కోసి చూడనివ్వమని అడగండి. కవర్ పూర్తిగా చింపి తీసేసి, మట్టిగడ్డ అడుగున అంగుళంలో సగం కత్తితో కోసేయండి, చుట్టుకున్న వేర్లు తెగిపోవాలి. కవర్ అడుగు మాత్రమే చింపి నాటిన మొక్కలు నాలుగో ఏడు గాలికి పడిపోతాయి, పీకి చూస్తే వేరు ఇంకా ఆ కవర్‌లోనే ఉంటుంది.

టేకు స్టంపు అంటే ఆరు నుంచి ఎనిమిది అంగుళాల వేరు, పైన అంగుళం కాండం ఉన్న, బొటనవేలు లావు ముక్క. తడి గోనెలో చుట్టి తెచ్చి రెండు మూడు రోజుల్లోనే నాటాలి. గడ్డపారతో నిటారుగా బొక్క చేసి, స్టంపు తల నేలకు సమంగా ఉండేట్టు దింపి, పక్కనుంచి ఇంకోసారి గడ్డపార దింపి మట్టిని గట్టిగా అదమాలి. లోపల గాలి సందు మిగిలితే వేరు ఆరిపోతుంది. పట్టి లాగితే ఊడి రాకూడదు. నెల, నెలన్నరకు మూడు నాలుగు మొలకలు వస్తాయి, బలమైన దాన్ని ఒక్కదాన్నే ఉంచి మిగిలినవి గిల్లేయండి. వానల మీద భరోసా లేని ఏడాది స్టంపుల కన్నా, కవర్లో ముందే మొలకెత్తించిన స్టంపులు నయం.

మూడు ఎండకాలాలు

నీళ్ల లెక్క ఇట్లా ఉంటుంది. మొక్కకు పది లీటర్లు, 435 మొక్కలకు 4,350 లీటర్లు, అంటే ఒక ఐదు వేల లీటర్ల ట్యాంకర్. మొదటి ఏడు డిసెంబర్ నుంచి జూన్ మొదటి వారం దాకా పది రోజులకోసారి, మొత్తం పద్దెనిమిది పంతొమ్మిది ట్యాంకర్లు. రెండో ఏడు పదిహేను ఇరవై రోజులకోసారి, ఈసారి మొక్కకు ఇరవై లీటర్లు. మూడో ఏడు ఏప్రిల్, మేలో రెండేసి తడులు చాలు. ఈ ట్యాంకర్ల ఖర్చు మొక్కల ఖర్చు కంటే చాలా ఎక్కువ. ఇది భరించలేమనుకుంటే నాటే మొక్కలు తగ్గించండి, తడులు తగ్గించొద్దు. వంద మొక్కలకు సరిగా నీళ్లు పోస్తే వందలో ఎక్కువ భాగం దక్కుతాయి. నాలుగు వందలకు చాలీచాలకుండా పోస్తే ట్యాంకర్ డబ్బులూ పోతాయి.

ట్యాంకర్ పైపును నేరుగా మొదట్లో పెడితే ధారకు వేర్లు బయటపడతాయి. పాదును మొక్క నుంచి అడుగున్నర దూరంలో కట్టి, బకెట్‌తో రెండు దఫాలు పోయాలి. మొదటి బకెట్ ఇంకాక రెండోది. వాలు చెల్కలో పాదును చంద్రవంకలాగా దిగువ వైపు కట్టండి, వాననీళ్లు కూడా ఆగుతాయి. పాదులో నాలుగంగుళాల మందాన కంది పొట్టో, పల్లి పొట్టో, ఎండుటాకో పరవండి, కాండానికి జానెడు దూరం వదలండి. తగిలేట్టు పరిస్తే చెదలు అక్కడి నుంచే ఎక్కుతాయి.

డ్రిప్పు ఉంటే రోజూ గంటసేపు ఇచ్చే అలవాటు మానుకోండి. రోజూ తడిస్తే వేర్లు పైపైనే తిరుగుతాయి. వారానికోసారి ఎక్కువసేపు ఇచ్చి, డ్రిప్పర్‌ను ఆరు నెలలకోసారి కొంచెం కొంచెం దూరం జరుపుతూ పోవాలి.

మొదటి రెండు మూడేళ్లు వరుసల నడుమ పెసర, ఉలవ, పల్లి వేయండి. దున్నడంతోనే గడ్డి పోతుంది, చేనికి మనిషి వస్తూపోతూ ఉంటాడు, అదే కాపలా. మొక్కకు మూడడుగులు వదిలి దున్నాలి. ఆముదం ఎత్తుగా పెరిగి నీడ కమ్ముతుంది కాబట్టి మొదటి ఏడు వద్దు. మక్తల్, కృష్ణా మండలాల వైపు కృష్ణజింకల మందలు ఈ పైర్లను మేసేస్తాయి, అక్కడ గింజ మీద ఆశ పెట్టుకోకండి.

మేకలు శ్రీగంధాన్ని, మలబార్ వేపను, సుబాబుల్‌ను ఇష్టంగా తింటాయి, వేపనూ కొరుకుతాయి. టేకాకు గరుకు కాబట్టి జోలికి రావు, కానీ బర్రెలు ఒళ్లు రుద్దుకుని విరుస్తాయి. సర్కారు తుమ్మ కంపతో కంచె వేస్తే రెండేళ్లు వస్తుంది, మధ్యలో ఎవరో పొయ్యిలోకి తీసుకుపోతారు. మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు కందకం తవ్వి, మట్టిని లోపలి వైపు కట్టగా పోసి, ఆ కట్ట మీద గచ్చకాయ విత్తనాలు, కిత్తనార పిలకలు పెడితే మూడో ఏడుకు అదే కంచె అవుతుంది.

నిప్పు ఇంకా పెద్ద ముప్పు. ఫిబ్రవరి నుంచి మే దాకా పక్క చేన్లో పత్తికట్టె కాల్చినా, బాటన పోయేవాడు బీడీ పారేసినా గడ్డి అంటుకుంటుంది. సంక్రాంతి దాటగానే తోట చుట్టూ పదడుగుల వెడల్పున గడ్డి లేకుండా గీకించి, ఒకసారి దున్నించండి. కాలిన చిన్న టేకును చూసి పీకేయకండి. జూన్‌కు ముందు నేలకు రెండంగుళాల ఎత్తులో పదునైన రంపంతో కోస్తే కొత్త మొలక నిటారుగా వస్తుంది. మొదటి రెండేళ్లలో వంకర పోయిన, తల విరిగిన టేకుకూ ఇదే వైద్యం.

ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా టేకాకులు జల్లెడలా ఈనెలే మిగిలితే భయపడొద్దు. అది ఆకు గీకే పురుగు, చెట్టు చావదు, మందు కొట్టడం డబ్బు దండగ.

పది మంది కలిస్తే

ఒక్క నలుచదరపు ఎకరం చుట్టూ కందకం 835 అడుగులు. పక్కపక్కనే ఉన్న పదహారు ఎకరాలు ఒకే తుంటగా చుట్టితే 3,340 అడుగులు, అంటే ఎకరానికి 209. ఖర్చు నాలుగో వంతుకు దిగింది. ట్యాంకర్ బాట, నిప్పు గీత, కాపలా మనిషి జీతం కూడా ఇట్లాగే తగ్గుతాయి. అందుకే పడావు చెల్కలు ఒకే పక్కన ఉన్న వాళ్లు కలిసి చేయడం మంచిది, కానీ నోటిమాట మీద వద్దు. ఎవరి సర్వే నంబరులో ఎన్ని చెట్లు, కాపలా జీతం ఎకరాల లెక్కనా మొక్కల లెక్కనా, మధ్యలో ఒకరు భూమి అమ్మితే కందకం ఖర్చు ఏంగావాలి, ఇవి స్టాంపు కాగితం మీద రాసుకోండి.

గొల్లకురుమలతో తగవు పెట్టుకున్న తోట నిలవదు. ఏళ్లుగా ఆ పడావులో మందలు మేపుకున్నది వాళ్లే. మొదటి మూడేళ్లు గడ్డి కోసుకుపోవచ్చు, మంద మాత్రం లోపలికి రావద్దని, నాలుగో ఏటి నుంచి గొర్లను తోలుకోవచ్చని ముందే మాట్లాడుకోండి. కొడవలితో కోసిన గడ్డి నిప్పునూ తగ్గిస్తుంది.

కొమ్మలు, పలచన చేయడం

జనవరి, ఫిబ్రవరిలో కింది కొమ్మలు తీయండి, చెట్టు ఎత్తులో కింది మూడో వంతు దాకే. అంతకు మించితే పైన బరువెక్కి గాలికి వంగుతుంది. గొడ్డలి వాడితే బెరడు చీలుతుంది, చేతి రంపంతో ముందు కింది వైపు కాస్త కోసి, తర్వాత పైనుంచి కోయాలి. మలబార్ వేపకైతే పక్క మొగ్గలను లేతగా ఉన్నప్పుడే గోటితో గిల్లాలి, ముదిరాక కోస్తే ప్లైవుడ్ పొరలో ముడి మిగులుతుంది. శ్రీగంధానికి కొమ్మలు కోయొద్దు, మొదట్లో దున్నొద్దు, కలుపు మందు అసలే వద్దు.

ఏటా ఒకే నెలలో, ఇరవై చెట్లకు నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో ఎర్ర రంగు గీత పెట్టి టేపుతో చుట్టుకొలత రాసుకోండి. తలలు ఒకదానికొకటి తగిలి, ఏటి పెరుగుదల తగ్గుతుంటే పలచన చేసే కాలం వచ్చినట్టు, పదడుగుల తోటలో అది ఎనిమిది నుంచి పదేళ్ల మధ్య. మూల నుంచి మూలకు పోయే ఏటవాలు వరుసల్లో ఒక వరుస విడిచి ఒక వరుస తీస్తే సుమారు 217 చెట్లు, పద్నాలుగు అడుగుల ఎడంతో మిగులుతాయి. తీసినవి పందిరి గుంజలకు, వాసాలకు పోతాయి. పెంచుకున్న చెట్టును కొట్టబుద్ధి కాక వదిలేస్తే మొత్తం తోట సన్నగానే నిలిచిపోతుంది.

కాగితాలు, కొలత, కోత

నాటిన ఏడాదే మొక్కల బిల్లులు, సర్వే నంబరు కనబడేట్టు ఫొటోలు దాచిపెట్టండి. ఏఈఓకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) చెప్పి ఆ నంబరులో తోట ఉన్నట్టు నమోదు చేయించండి. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద పట్టా భూమిలో చెట్టు కొట్టడానికీ అనుమతి కావాలి, కలప లారీకి రవాణా పర్మిట్ కావాలి. జామాయిల్, సరుగుడు, సుబాబుల్ లాంటి వాటికి సడలింపు ఉంది, టేకు, శ్రీగంధం, ఎర్రచందనానికి మాత్రం అటవీ శాఖ రేంజ్ ఆఫీసు గడప తొక్కాల్సిందే. అమ్రాబాద్ వైపు రిజర్వు అడవి అంచున భూమి ఉంటే హద్దు విషయం నాటకముందే తేల్చుకోండి. ఈ కాగితాల పని కోసే ఏడు మొదలుపెడితే కట్టె ఎండలో పగులుతూ ఉంటుంది.

‘తోట మొత్తం గుత్తకు’ అనే బేరం ఒప్పుకోవద్దు. దుంగ నడిమధ్యలో బెరడు తీసిన చోట చుట్టుకొలత అడుగుల్లో తీసుకుని, దాన్ని నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చిస్తే వ్యాపారుల ఘనపుటడుగులు వస్తాయి. పదడుగుల దుంగ, చుట్టుకొలత మూడడుగులు అనుకోండి: మూడును నాలుగుతో భాగిస్తే 0.75, దాని వర్గం 0.5625, పదితో హెచ్చిస్తే 5.6. అదే దుంగలో అసలు ఉన్న కట్టె 7.1 పైనే. ఐదో వంతుకు పైగా లెక్కలోకి రాదన్నమాట, కాబట్టి ధర మాట్లాడేటప్పుడు ఏ కొలత మీదనో ముందే అడగండి. ఒకటిన్నర అడుగు చుట్టుకొలత దుంగకు ఇదే లెక్క 1.4 మాత్రమే. చుట్టుకొలత రెండింతలైతే కట్టె నాలుగింతలు, కాబట్టి పదిహేనో ఏట అమ్మడానికి తొందరపడేవాళ్లు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

కోత నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు చేయించండి. మొద్దును నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తులో, నీళ్లు నిలవకుండా కాస్త ఏటవాలుగా, బెరడు ఊడకుండా రంపంతో కోయించాలి. వానలకు టేకు మొద్దు చుట్టూ పది పన్నెండు పిలకలు వేస్తుంది. మొదటి ఏడు నాలుగు, రెండో ఏడు ఒకటే ఉంచండి, అదీ మొద్దు పైఅంచున కాకుండా నేలకు దగ్గరగా వచ్చిన పిలక. పాత వేరు మీద పెరుగుతుంది కాబట్టి ఈసారి గుంతలు, ట్యాంకర్లు అక్కర్లేదు.